ఎడిసన్ పేరు, ప్లెయిన్స్‌బరో డిస్క్

మా చిన్నప్పుడు కంప్యూటర్‌ని నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ కవర్లో పడి, స్టాంపు అంటించుకుని పోస్టులో వచ్చేది... నవ్వకండి. ఎడిసన్ అనే ఊళ్ళో మా ఇంట్లో అప్పటికి ఫోన్ వైరు ఇంటర్నెట్టే. ఒక్క సీడీకి సరిపడా డౌన్‌లోడ్ పెడితే రోజులు పట్టేది. మధ్యలో ఎవరైనా ఫోన్ చేశారా, మళ్ళీ మొదటికి.

అందుకే ఆ ఉచిత సిస్టమ్ తయారుచేసేవాళ్ళు తమ వెబ్‌సైట్‌లో ఒక పేజీ పెట్టారు. సీడీలు బర్న్ చేసి, అంటే ఖాళీ డిస్కుల మీదికి ఎక్కించి, పంపేవాళ్ళ ఊళ్ళు, పేర్లు. ఎవరైనా కాపీ చేయొచ్చు, ఎవరికైనా అమ్మొచ్చు, తప్పు లేదు. డిస్క్ ఖర్చు, పోస్టు ఖర్చు తీసుకుని పంపేవారు.

ఆ పేజీలో ప్లెయిన్స్‌బరో పక్కన శ్రావణి పేరు ఉండేది.

శ్రావణి ఆదివారం తెలుగు క్లాసులో నా పక్కన కూర్చునే పిల్ల. వాళ్ళ నాన్న మందుల కంపెనీలో సైంటిస్టు, ఇంట్లో కేబుల్ ఇంటర్నెట్. మా అమ్మ ఓక్ ట్రీ రోడ్‌లో సినిమా సీడీలు అద్దెకిచ్చే షాపులో కౌంటర్ చూసుకునేది. మా డొక్కు కంప్యూటర్ ఎవరో పారేస్తుంటే తెచ్చుకున్నది. శ్రావణి ఇచ్చిన సీడీ పెట్టాకే అది మొదటిసారి లేచి కూర్చుంది.

సంతోషించాలి కదా... నాకు కడుపు మండింది. డిస్క్ మీద నల్ల మార్కర్‌తో తన రాత, గుండ్రంగా, ముత్యాలు పేర్చినట్టు. అమ్మ కూడా చూసి, "ఎంత పొందిగ్గా రాసిందే ఈ పిల్ల! నువ్వూ ఉన్నావు, కోడి కెలికినట్టు" అంది.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఆ పేజీలో నా పేరు ఉండాలి. అక్షరాల వరుసలో ఎడిసన్ ముందు వస్తుంది, ప్లెయిన్స్‌బరో తర్వాత. అంటే శ్రావణి నా కింద. నాకు కావలసింది అంతే.

మెయిల్ పెట్టాను. వాళ్ళు వయసు అడగలేదు, పేరు ఎక్కించేశారు. పెళ్ళి వీడియోల సీడీలు చేసే కంప్యూటర్ అమ్మ షాపులో ఉండేది. ఓనర్ అంకుల్ సరేనన్నాడు. శ్రావణి డిస్క్ తెరిచి, అందులో కనిపించిన ఫైళ్ళన్నీ పట్టి ఖాళీ డిస్కుల మీదికి లాగేశాను. వరసపెట్టి ఇరవై. ఖాళీ అయిన గుండ్రటి డిస్కుల డబ్బా అమ్మకి తెగ నచ్చింది. కడిగి ఆరబెట్టి, మధ్యలో నిలబడే కడ్డీకి చేగోడీలు గుచ్చి మూత పెట్టింది. శ్రావణి డిస్క్‌ని ఇక చూడలేక ఆ చేగోడీల కింద నేనే తోసేశాను.

ఆర్డర్లు వచ్చాయి. పంపాను. వారం తిరక్కుండా, నేనిచ్చిన షాపు నంబరుకి ఫోన్... ఒహాయో నుంచి రిటైరైన డాక్టర్ గారు, తెలుగు పేరు చూసి నా దగ్గర కొన్నాయన.

"ఏమ్మా, నీ సీడీ పెట్టాను, స్క్రీన్ నల్లగా గుడ్లప్పగించి చూస్తోందమ్మా. నేనేమైనా తప్పు చేశానా?"

"మీ కంప్యూటరే పాతదేమో అంకుల్" అన్నాను. సిగ్గు లేకుండా.

నా పొరపాటు ఇది... ఆ డిస్క్ మొదట్లో కంప్యూటర్‌ని నిద్రలేపే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. ఫైళ్ళలో కనిపించదు. డిస్క్‌ని మొత్తంగా, ఉన్నదున్నట్టు కాపీ తీస్తేనే వస్తుంది. నేను కంటికి కనిపించినవే లాక్కున్నాను. ఇరవై డిస్కుల్లో ఒక్కటీ లేవదు.

ఇంకా ఫోన్లు, ఉత్తరాలు వచ్చాయి. నేను దాక్కున్నాను. పేజీలోంచి నా పేరు తీసేస్తారని రోజూ చూసేదాన్ని. తీయలేదు. నెల తర్వాత డాక్టర్ గారు మళ్ళీ ఫోన్ చేశారు.

"రెండోసారి పంపింది బ్రహ్మాండంగా పనిచేసిందమ్మా! నీ రాత ఎంత బాగుందో, మా ఆవిడకి కూడా చూపించాను."

నేను రెండోసారి ఏమీ పంపలేదు. నా రాత బాగుండదు.

ఆదివారం క్లాసులో శ్రావణిని నిలదీశాను. "నా పేరుతో ఎందుకు పంపావే?"

"నువ్వు పలకట్లేదని నీ దగ్గర కొన్నవాళ్ళంతా నాకు రాశారు. లిస్ట్‌లో నీ కిందే ఉన్నాగా. ఆ పేజీవాళ్ళేమో నీ పేరు రిమూవ్ చేస్తామన్నారు... ఆగండి, మా ఫ్రెండే, నేను ఫిక్స్ చేస్తా అన్నాను."

"నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. మా ఇంటికి రా, బర్న్ చేయడం నేర్పిస్తా."

"అక్కర్లేదు."

వెళ్ళలేదు. థాంక్స్ చెప్పలేదు. డిస్కుల మీద డిస్కులు తగలేసి, లైబ్రరీలో కూర్చుని చదివి నాకు నేనే నేర్చుకున్నాను. ఈ రోజు నేను చేసే పని అలా వచ్చిందే... డేటా సెంటర్లో సర్వర్లు బిగిస్తాను. డిగ్రీ లేదు. కాలేజీ నుంచి నిన్న దిగినవాడు నాకు స్క్రూ ఎటు తిప్పాలో మెయిల్ పెడతాడు. ఆ ఉచిత సిస్టమ్‌తో నడిచే మెషీన్లని మోసేది నేను. వీధిలో ప్రసాదం పంచినట్టు దాన్ని పంచిన శ్రావణి రెడ్‌మండ్‌లో, సాఫ్ట్‌వేర్‌ని డబ్బుకి అమ్మే కంపెనీలో... పెద్ద పోస్టు, పెద్ద ఇల్లు. ఫోటోలు పెడుతుంది. లైక్ కొట్టను. అన్నీ చూస్తాను.

మొన్న అమ్మ, ఏళ్ళుగా మూలపడున్న ఆ చేగోడీల డబ్బా తీసి కడుగుతుంటే అడుగున ఆ డిస్క్ దొరికింది. నూనె మరకలు... రాత మాత్రం చెక్కుచెదరలేదు. పెట్టి చూద్దామంటే నా లాప్‌టాప్‌కి డిస్క్ పెట్టే చోటే లేదు. ఇప్పుడు అదే సిస్టమ్ టీ చల్లారేలోపు నెట్‌లోంచి దిగిపోతుంది. ఎవరి రాతా ఉండదు, ఎవరి పేరూ ఉండదు, కుళ్ళుకోవడానికి పక్కన కూర్చునే పిల్ల కూడా ఉండదు.

ఒహాయో డాక్టర్ గారూ, ఎక్కడున్నారో... ఎడిసన్ పేరుతో మీకొచ్చిన మంచి డిస్క్ ప్లెయిన్స్‌బరోది. రాసింది శ్రావణి. ఇన్నాళ్ళకి చెప్తున్నాను.

మీ ఇంట్లోనూ ఏ డబ్బా అడుగునో ఎవరి రాతతోనో ఒక సీడీ ఉండే ఉంటుంది. తీసి ఫోటో పెట్టండి, ఎవరు రాసిచ్చారో చెప్పండి... అందులో శ్రావణి రాత కనిపిస్తే మాత్రం నన్ను ట్యాగ్ చేయకండి. నేనే వెతుక్కుంటాను.