లెక్కలో లేని గాలి

గురువారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు, పాల్వంచ దాటి తొమ్మిదో కిలోమీటరులో, నా కారులో ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు మొదటిసారి వెలిగింది. ఆ రోజుల్లో నాకు అరవై ఒకటి. కానీ లైసెన్సు చేతికొచ్చి నాలుగు నెలలే కనుక డ్రైవింగ్‌లో నాది పసిప్రాయమే. ఆ ప్రాయంలో ఉండాల్సిన పొగరంతా ఉండేది. ఫ్యాక్టరీ స్టోర్‌లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి, ఒక్క బోల్టు తేడా రాకుండా అప్పగించి రిటైరైనదాన్ని (ఈ మాట అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెప్పేదాన్ని). దుమ్ముగూడెంలో మోకాళ్లు పట్టేసిన పెద్దక్కను ప్రతి గురువారం భద్రాచలం దవాఖానాకు తీసుకుపోవడానికే ఆ పాత కారు కొన్నాను. అరవై దాటినంక స్టీరింగేందని మొదటినుంచీ గొణిగే మా తమ్ముడికి ఆ లైటు సాకుగా దొరికింది.

కారును మా వీధి మెకానిక్‌కు చూపించాను. స్కానర్ తగిలించనిదే బానెట్ కూడా ఎత్తడు కాబట్టి మేమతన్ని డబ్బా మెకానిక్ అనేవాళ్లం. డబ్బాలో పి-0171 అని లోపం నంబరు పడింది. గాలిని కొలిచే సెన్సార్ మార్చి, ఆయిలూ అదీ చూసి పంపాడు. లైటు ఆరింది. మళ్లీ గురువారం వెలిగింది. ఈసారి పైపులన్నీ విప్పి కడిగాడు. తమ్ముడి నవ్వు భరించలేక, పెద్దక్క ఎదుటే మాట ఇచ్చాను: "ఇంకొక్కసారి బండి మొరాయిస్తే తాళంచెవి నీ చేతుల పెడ్త."

మూడో గురువారం గోదావరి వంతెన మీద వెలిగింది. పెద్దక్కను దవాఖానాకు తీసుకుపోయి, తిరిగి దింపి, నేరుగా మెకానిక్ దగ్గరికి పోతే, కబురందిన తమ్ముడు అప్పటికే చెయ్యి చాపి నిలబడ్డాడు. డబ్బాలో అదే నంబరు. "లెక్కలో లేని గాలి ఇంజిన్ల జొరబడ్తున్నదమ్మా" అన్నాడు మెకానిక్. "సెన్సార్ కొలిచేది ఒకటి, లోపలికి పోయేది ఇంకోటి."

తాళంచెవి కంటే ఆ మాటే ఎక్కువ తగిలింది. నా బండిలో లెక్కలో లేనిదా? సంచిలోంచి బండి లెక్కల నోటుపుస్తకం తీసి పైకే చదివాను. సోమవారం: ఆయిల్ కొలిచే పుల్ల మెడకు పసుపుదారం, మూడు పోగులు (పొలం మీది ఆయిల్ ఇంజిన్‌కు మా నాయన అట్లాగే కట్టేవాడు). గురువారం: లైటు. సోమవారం: దారం మాయం, కొత్తది, ఐదు పోగులు. గురువారం: లైటు. సోమవారం: మళ్లీ మాయం, ఏడు పోగులు... అక్కడ నా గొంతు తగ్గింది.

మెకానిక్ బానెట్ ఎత్తాడు. దారం ముడి అడ్డుపడి పుల్ల దిగకుండా, వేలెడు పైకి నిలబడి ఉంది. మురికి పోగులనుకుని రెండుసార్లు పీకి పారేసింది తనేనని, గాలి దూరేది ఆ సందులోంచేనని గుసగుసగా చెప్పాడు. పెద్దదాన్నని నా పరువు కాపాడదామని, తమ్ముడికి వినిపించేటట్టు, "పైపు లూజైనట్టున్నదన్నా" అన్నాడు పాపం. పైపు అయితే తప్పు బండిది. బండిదైతే తాళంచెవి పోతుంది.

"పైపు కాదు. తప్పు నాది" అన్నాను. ముప్పై ఒక్క ఏళ్లలో నా నోట రాని మాట అది.

"మళ్లొకసారి చెప్పక్కా, చెవుల పడలే."

"తప్పు నాది. బండి మొరాయిస్తే అని చెప్పిన గానీ, నేను మొరాయిస్తే అని చెప్పలే. చెయ్యి తియ్యిరా."

ముడి నేనే తెంపాను. లైటు మళ్లీ రాలేదు. ఇప్పుడు నాకు అరవై ఎనిమిది. పసుపుదారం స్టీరింగుకు కడుతున్నాను. ఏడు పోగులు బిగించి కట్టిన ఆ అరవై ఒక్కేళ్ల పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కొంచెం ముచ్చట కూడా. ఆ పొగరులో సగమైనా ఇప్పుడుంటే బాగుండు.

మొత్తం పోయినవి: పసుపుదారాలు మూడు, బాగానే ఉన్న సెన్సార్ ఒకటి, తప్పు చేయదన్న పేరు ఒకటి.