దేవరాజులు గారి సన్నధార

దేవరాజులు గారు ఏదీ గబుక్కున పోయరు. నీళ్ళైనా, నూనైనా, ఎలుక మెదడులోకి ఎక్కించే మందైనా సరే, దారంలా సన్నగా వదులుతారు. చింతాద్రిపేటలో వాళ్ళింటి విందుల్లో ఆయన చారు వడ్డించడం మొదలుపెడితే, పెరుగన్నం కూడా ముగించి చెయ్యి కడుక్కున్నవాళ్ళకు చారు అందేది. చివరికి భార్య గోవిందమ్మ గారు గరిటె లాగేసుకుని అప్పడాలు పంచమని పంపేశారు.

షోళింగనల్లూరు పరిశోధనశాలలో ఆయన దగ్గర చేరిన హైందవిది విజయవాడ. ఆ పిల్లకు ఓపిక బొత్తిగా తక్కువ. చేరిన రోజే క్యాంటీన్‌లో ఆయన వెనక నిలబడే యోగం పట్టింది. ఆయన ఇడ్లీ నడిమధ్య సాంబారు బొట్టు బొట్టుగా వదులుతూ, ఒక్కో బొట్టూ ఇంకేదాకా కళ్ళార్పకుండా చూస్తున్నారు. వెనక వరుస మెట్లదాకా పోయింది.

"గబాల్న పోస్తే ప్లేట్లో చేరతాది, ఇడ్లీలోకి పోదు. మెదడూ అంతే మా," అన్నారు హైందవితో, తీరిగ్గా.

ఆ మాట మాత్రం నిజం. జబ్బు చేసిన మెదడుకు మంచి జన్యువును మోసుకెళ్ళడానికి కోరలు పీకిన వైరస్‌ను వాడతారు. అది సూది గుచ్చినచోటే చతికిలబడుతుంది. తొందరపడి తోస్తే సూది వెంటే పైకి తన్నుకొస్తుంది. నిదానంగా ఎక్కిస్తే కొంత మేలు. హైందవి ఇంకాస్త ముందుకెళ్ళి, ఎదురైన ప్రతి కణానికీ అతుక్కుపోకుండా ఆ వైరస్ పైపొరనే మార్చింది. రెండేళ్ళ చాకిరీ. అది ఫలించిందో లేదో ఆ శుక్రవారం తేలాలి.

తేలకముందే డైరెక్టర్ కలైసెల్వి వచ్చి కూర్చున్నారు. ఆమెకు విమానం టైమవుతోంది. కాఫీ తాగి లేచేలోగా ఫలితం చూపించకపోతే ఈ పని ఇంతటితో ఆపేస్తామని చెప్పేశారు. పక్కగదిలో మైక్రోస్కోపు ఇంకా ఎలుక మెదళ్ళ ఫొటోలు తీస్తూనే ఉంది. హైందవి నిమిషానికోసారి అందులోకి తొంగిచూసి వస్తోంది.

దేవరాజులు గారు ఫ్లాస్కు అందుకున్నారు. "కాఫీ నేను పోస్తా."

గదిలో అందరూ నీరుగారిపోయారు. మొదటి గ్లాసు అడుగు తడిసేసరికి కలైసెల్వి వాచీ చూసుకున్నారు. సగమయ్యేసరికి ఫోను చూసుకున్నారు. కాస్త త్వరగా కానివ్వమని తమిళంలో బతిమాలారు కూడా. నురగ అణగాలని జవాబిచ్చి ఆయన ధార ఇంకా సన్నం చేశారు. ఇన్నాళ్ళూ పళ్ళు నూరుకున్న ఆ చాదస్తానికి హైందవి మనసులోనే దండం పెట్టుకుంది. ఆయన అలవాటు కొద్దీ పోస్తున్నారనీ, తన అదృష్టం బాగుందనీ అనుకుంది.

ఇంతలో తెరమీద బొమ్మలు వచ్చాయి. జన్యువు చేరిన కణాలు ఆకుపచ్చగా మెరుస్తాయి. పాత వైరస్ ఎక్కించిన మెదడులో ఓ మూల చిన్న పచ్చచుక్క. కొత్తది ఎక్కించినదాంట్లో సూదిచోటు దాటి ఎంతో దూరం ఆకుపచ్చే. కలైసెల్వి లేచి తెర దగ్గరకెళ్ళి చాలాసేపు చూశారు. పని కొనసాగించమన్నారు.

హైందవి ఆనందం పట్టలేక వెనక్కి తిరిగింది. దేవరాజులు గారు మిగతా గ్లాసులన్నీ ఒక్క ఊపున, బల్లమీద పొర్లేలా నింపేస్తున్నారు. అప్పుడర్థమైంది ఆ పిల్లకు. నవ్వొచ్చేసింది.

"సార్, మీకు ఇంత స్పీడుగా పోయడం వచ్చా?"

"ఆయమ్మకు ఫ్లైటుకు టైమయిపోతా ఉండాది గదా మా, పాపం," అంటూ ఆయన ఆ మొదటి గ్లాసు పట్టుకుని గబగబా కలైసెల్వి దగ్గరికి నడిచారు.