గడప కింది తడి

నాచారంలో మా ఇంటి ముందుగది గోడ అడుగున తడి మొదలై రెండేళ్లయింది. పొద్దున లేవగానే నా చెయ్యి అక్కడికే పోయేది. గోరుతో గీరితే సున్నం పొడిపొడిగా రాలేది. రంగు వేయిస్తే నెల తిరక్కుండా మళ్లీ ఉబ్బింది. ఒక చోట కూర్చోబుద్ధి అయ్యేది కాదు. పొయ్యి మీద కూర వదిలేసి కూడా వచ్చి చూసుకునేదాన్ని.

ఆ గోడకు అవతల, రెండడుగుల సందు దాటితే పక్కింటావిడ స్నానాలగది. ఇంకేముంది, నీళ్లు అక్కణ్ణుంచే అని తేల్చేశాను. వాకిట్లో నిలబడి నలుగురూ వినేలా అరిచాను. ఆవిడ ఎదురు మాట్లాడకుండా టైల్స్ పగలగొట్టించి పైపులు మార్పించింది. ఆ పది రోజులూ వాళ్లింట్లో అందరూ స్నానాలకు నాగోల్‌లో ఆవిడ చెల్లెలింటికి పోయి వచ్చారు. మా ఇంటికి రమ్మని ఒక్క మాట అనలేదు నేను.

అయినా తడి ఆగలేదు. పైగా వీధి దర్వాజ అడుగు మెత్తబడింది. ఇక ఆగలేక మేస్త్రిని పిలిచి పునాది తవ్వించాను. పక్కింటి వైపు మట్టి పొడిగా ఉంది. గడప దగ్గర తవ్వితే బురద. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దర్వాజ కర్ర నానిన అటుకుల్లా ఊడొచ్చింది.

"రోజూ ఎన్ని నీళ్లు పోస్తవమ్మా ఈడ?" అన్నాడు మేస్త్రి.

"రెండు బకెట్లు. వాకిలి కడగొద్దా? గడపకు పసుపు రాయొద్దా?"

"కడుగు, నేనొద్దన్ననా? బండ కుంగి వాలు లోపలికి తిరిగింది సూడు. నువ్వు పోసిన నీళ్లన్ని గడప కిందికెళ్లి పునాదిలకే పోయి, ఆ గోడకు పాకుతున్నయ్."

పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఒక్క పొద్దు మానకుండా కడిగాను. మా వీధిలో నా అంత శుభ్రంగా వాకిలి ఎవరూ ఉంచరని గొప్పలు కూడా చెప్పుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. కుళ్లిన మేర కోసేసి రాతి గడప వేస్తానని, బండ ఎత్తి వాలు బయటికి తిప్పుతానని మేస్త్రి చెబుతూనే ఉన్నాడు. నేను అప్పటికే వీధిలోకి వచ్చేశాను.

పక్కింటావిడ గేటు లోపల బట్టలారేస్తోంది.

"తప్పు నాదే. ఆ నీళ్లు మావే," అన్నాను.

ఆవిడ తడి చీర తీగ మీద వేసి గేటు దగ్గరికి వచ్చింది.

"రెండేండ్ల సంది మా అత్తమ్మ నన్నే తిడుతుంది అక్కా. నీ నీళ్లతోని పక్కోళ్ల ఇల్లు కూలగొడుతున్నవ్ అని. లోపలనే ఉంది. గీ మాట నువ్వే జెప్పు. నేను జెప్తే నమ్మది."

గేటు తీసి పట్టుకుంది. నేను లోపలికి నడిచాను.