నీడ కోసం కట్టిన పడవ

మొన్న సెలవు రోజున ఇక్కడ గల్ఫ్‌లో, కరామాలోని మా రూములో నల్లా కింద బకెట్ పెట్టి, ఫోను మాట్లాడుతూ మరిచిపోయాను. వచ్చి చూస్తే బకెట్‌లోని మగ్గు నీళ్లతోపాటు పైకి తేలి, నల్లా మూతికి ఇరుక్కుని, కిందికి దిగలేక, పక్కకు జరగలేక బిక్కమొహం వేసుకుని ఉంది. రూములో మిగతా ఏడుగురికీ అది మగ్గే. నాకు మాత్రం అచ్చంగా మా మేనమామ కనిపించాడు. నేను తలుపు పట్టుకుని నవ్వుతుంటే, స్నానానికి వరుసలో నిలబడ్డవాడు నాకు జ్వరమేమోనని నుదురు తాకి చూశాడు.

మా మామ ఊళ్లో నీరటి. అంటే చెరువు తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత నీరు వదలాలో చూసే మనిషి. నీళ్ల గురించి తనకు తెలియనిది నీళ్లకు కూడా తెలియదని ఆయన నమ్మకం. నేను ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి, ఆయన బడి గడపే తొక్కలేదు. కాబట్టి మా ఇద్దరిలో పండితుణ్ణి నేనే. ఇద్దరం గల్ఫ్‌కు వచ్చాక, కరోనా వచ్చిన ఏడాది మేము పనిచేసే బిల్డింగు సైటు మూతపడింది. మరుసటి ఎండాకాలానికి ఉమ్మల్ ఖువైన్ వైపు ఒక ఖోర్‌లో, అంటే సముద్రం నేలలోకి పాకి వాగులా మారిన చోట, టూరిస్టులను తిప్పే పడవ మీద పని దొరికింది. పడవ సన్నగా, పొడుగ్గా, తాటిదోనెకు పైకప్పు వేసినట్టు ఉండేది. దాన్ని కడగడం నా పని. నడపడం మామ పని. అయితే నెల రోజులు ఖాళీ పడవను నడిపి చూపించాలి. ముదీర్‌కు, అంటే మా మేనేజరుకు, నచ్చితే వీసా, లైసెన్సు. నచ్చకపోతే ఊరికి టికెట్. యాభై దాటిన మనిషిని పిలిచి పని ఇచ్చే రోజులు కావవి.

అంతకుముందు ఆ పడవ నడిపిన ముసలి బెంగాలీ వెళ్తూ వెళ్తూ, నీళ్లు ఎప్పుడు పెరుగుతాయో, ఎప్పుడు తగ్గుతాయో అచ్చువేసిన కాగితం ఒకటి మామ చేతిలో పెట్టాడు. అది చూడకుండా తాడు విప్పొద్దన్నాడు. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నీళ్లకు టైంటేబుల్ ఏంది అల్లుడా, ఆర్టీసీ బస్సా?" అన్నాడు. పండితుణ్ణి కదా, నేనూ చూశాను. రోజుకు రెండు పెద్ద అంకెలు, రెండు చిన్న అంకెలు ఉన్నాయి. చిన్నవి తగ్గింపు ధరలేమో అనుకున్నాను. ఆ కాగితం మా స్టవ్ కాలు కింద చేరింది. ఖోర్‌లో నీళ్లు రోజూ పెరిగి తగ్గడం మామ చూడకపోలేదు. చూసి, ఎక్కడో ఒక నీరటి ఉన్నాడని తేల్చాడు. "పని తెల్వదు వానికి. ఒక్కనాడు వదిలిన యాళ్లకు ఇంకోనాడు వదలడు. మా ఊళ్ల గిట్ల చేస్తే చెప్పు తీస్కొని కొడ్దురు" అని, కనిపించని ఆ మనిషిని నెల పొడుగునా తిడుతూనే ఉన్నాడు.

నెలలో ఆఖరి రోజు వచ్చింది. ముదీర్ నాలుగింటికి వచ్చి పడవ ఎక్కి చూస్తానన్నాడు. మధ్యాహ్నం ఎండకు పని ఆపే వేళ. ఖోర్ మీద చిన్న వంతెన ఉంది. దాని కింద ఒడ్డున తోటపని చేసే బెంగాలీలు ఐదుగురు అప్పటికే పడుకుని ఉన్నారు. గల్ఫ్‌లో నీడ చూస్తే కాలు దానంతట అదే అటు నడుస్తుంది. మామ పడవను కూడా వంతెన కిందికి పోనిచ్చి స్తంభానికి కట్టాడు. పైకప్పుకూ వంతెన దూలానికీ మధ్య మూరెడు ఖాళీ ఉంది. అన్నం, మామిడికాయ తొక్కు తిని ఒరిగాము.

కిర్రుమన్న చప్పుడుకు లేచాను. పైకప్పు పైకి లేచి దూలానికి తగులుకుంది. పడవ ముందుకు పోదు, వెనక్కు రాదు. కొత్త ఫైబరు కప్పు, చూస్తుండగానే మెల్లగా వంగుతోంది. మామ ఆకాశం వైపు చూశాడు. మబ్బు తునక లేదు. "వాన లేదు, వరద లేదు. వాడే తూము ఎత్తిండు. ఉరుకు, బంద్ చెయ్యుమను" అని నన్ను తరిమాడు. నేనూ ఉరికాను, అదీ నా చదువు. ఒడ్డున లేచి కూర్చున్న బెంగాలీని, పానీ బంద్ చేసే మనిషి ఎక్కడుంటాడని అడిగాను. వాడు కళ్లు నులుముకుని సముద్రం వైపు చెయ్యి చూపించి, "సముందర్ కో బోలో, భాయ్" అన్నాడు, సముద్రానికే చెప్పుకోమని.

ఆ మాట మోసుకొచ్చి మామకు చెప్పాను. నెల రోజులు తాను తిట్టింది ఎవరినో ఆయనకు అప్పుడు తెలిసినట్టుంది. తర్వాత పడవను నెడదామని నీళ్లలోకి దిగాడు. దిగగానే కప్పు ఇంకాస్త గట్టిగా కిర్రుమంది. మళ్లీ ఎక్కాడు, చప్పుడు తగ్గింది. దిగాడు, కిర్రుమంది. ఎక్కాడు, ఊరుకుంది.

"వంతెనకు మొక్కుతున్నవా మామా?" అన్నాను.

"నోరు మూయి. నేను ఎక్కితే దిగుతుంది ఇది. పో, వాళ్లను పిలువు."

ఐదుగురు బెంగాలీలూ ఎక్కారు. పాపం, ఐదుగురినీ కలిపి తూచినా ఒక మనిషి కాడు. కప్పు వంగడం ఆగింది కానీ, పడవ కదలడానికి వేలెడు సందు చాలలేదు. నీళ్లు ఇంకా పెరుగుతున్నాయి. అంతలో, నాలుగింటికి రావలసిన ముదీర్ కారు మూడున్నరకే వచ్చి ఒడ్డున ఆగింది. మా ముదీర్ కారు దిగితే కారు ఊపిరి పీల్చుకుని పైకి లేస్తుంది, అంత మనిషి. ఏడుగురం కప్పు కింద ముడుచుకుని కూర్చున్న పడవను చూసి, "ఖలాస్. సామాన్ బాంధో" అన్నాడు, మూట సర్దుకోమని.

మామ రెండు చేతులూ జోడించి, ఒక్కసారి లోపల కూర్చోమని బతిమాలాడు. "సాబ్, ఏక్ బార్ అందర్ బైఠో. బాద్ మే ఖలాస్ బోలో."

కప్పు ఎంత పాడైందో చూద్దామనే కోపంతోనే ఆయన కాలు లోపల పెట్టాడు. రెండో కాలూ పెట్టాడు. పడవ 'ఉస్' అని కిందికి దిగింది. మామ తాడు విప్పి, స్తంభానికి గడ ఆనించి ఒక్క తోపు తోశాడు. ఎనిమిది మందిమి, ఎవరి వీపు మీద ఎవరి మోకాలుందో తెలియకుండా, తలలు వంచుకుని ఎండలోకి జారాము. కప్పు మీద జానెడు గీత తప్ప ఏమీ కాలేదు.

ముదీర్ చెమట తుడుచుకుంటూ మామ వైపు తిరిగి, నీళ్లు ఎప్పుడు పెరుగుతాయో తెలుసా అని అడిగాడు. "పానీ కబ్ ఊపర్ ఆతా, మాలూమ్?"

"అబ్ మాలూమ్ సాబ్."

పొట్ట ఊపుతూ నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. పడవ కూడా ఆయనతో పాటు ఊగింది. వీసా ఇవ్వలేదు, ఇంకో నెల చూస్తానన్నాడు. ఆ నెలంతా మామ పొద్దుటా మాపటా వంతెన స్తంభం పక్కన నిలబడి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఎర్ర రంగుతో గీతలు పెట్టాడు. వీసా వచ్చింది. మూడేళ్లు నడిపాడు, మళ్లీ ఎక్కడా తగిలించలేదు.

మేము ఆ దూలం కింద భయపడుతూ కూర్చున్నది గట్టిగా అరగంట. ఊరికి వెళ్లిపోయిన మామ ఇప్పుడు అక్కడ ఆ కథ మొదలుపెడితే పూట గడిచిపోతుందట. భయపడ్డ కాలం కుంచించుకుపోయి, దాన్ని చెప్పుకుని నవ్వే కాలం ఏటేటా సాగుతూ ఉంటుంది కాబోలు.