బ్రేక్ అన్నాక పడిన దెబ్బ

"వినబడ్డంక కొట్టినవా, వినబడక కొట్టినవా?"

2011లో నారాయణగూడలోని ఒక ఆస్పత్రి మంచం మీద, ఎడమ చెవిలో దూదితో కూర్చుని ఉప్పలయ్య అడిగిన ప్రశ్న ఇది. "వినబడలే అన్నా" అన్నాడు బీరయ్య. అది అబద్ధం.

బీరయ్యవాళ్ళు పాలమూరు నుంచి కూలికి వచ్చినవాళ్ళు. దోమలగూడ బస్తీలో రేకుల ఇల్లు. పగలు ఇటుకలు మోసి, సాయంత్రం చిక్కడపల్లి వ్యాయామశాలలో బాక్సింగ్ నేర్చుకునేవాడు. బాక్సింగ్ క్రమశిక్షణ నేర్పుతుందని సన్మానసభల్లో చెబుతారు. బీరయ్యకు మాత్రం ఎడమచేత్తో ఏమార్చి కుడిచేత్తో ఎక్కడ కొట్టాలో నేర్పింది.

ఉప్పలయ్యది వరంగల్ దిక్కు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ ఎస్సై పరీక్షకు చదివేవాడు. లైబ్రరీలో కళ్ళు మండినప్పుడు వ్యాయామశాలకు వచ్చేవాడు, సరదాగా రిఫరీగా నిలబడేవాడు. కొట్టుకునేవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని పెనుగులాడితే రిఫరీ 'బ్రేక్' అంటాడు. ఇద్దరూ అడుగు వెనక్కి వేయాలి. ఆ మాట వింటే బీరయ్య ఎత్తిన పిడికిలి గాల్లోనే ఆగేది.

"బ్రేకులు మంచిగ పడ్తయ్ నీకు. బాక్సింగ్ ఎందుకు తమ్మీ, ఆర్టీసీల చేరు!" అని ఉప్పలయ్య ఎగతాళి చేసేవాడు.

బార్లలో సంగతి వేరు. రెండేళ్ళలో బీరయ్య నాలుగుసార్లు చెయ్యి చేసుకున్నాడు. మర్నాడు వాటిని కథలుగా చెప్పి అందరినీ నవ్వించాడు కూడా.

దెబ్బ పడిన ఆదివారం మధ్యాహ్నం బార్లో దావత్ ఉప్పలయ్యది. రాతపరీక్ష, పరుగు గట్టెక్కాడు. ఇక వైద్యపరీక్ష ఒక్కటే, పదకొండు రోజుల్లో. బీరయ్య ముందురోజే పోటీలో రెండో రౌండ్లో చిత్తయి ఉన్నాడు. పక్క టేబుల్ దగ్గర కూర్చున్న బస్తీ కుర్రాడు బబ్లూ ఆ పోటీ చూసినవాడే.

"ఏంది పహిల్వాన్, నిన్న రింగుల మంచిగ పండుకున్నవ్! చెప్తె దుప్పటి తెచ్చేటోన్ని గద!"

బారంతా నవ్వింది. బీరయ్య లేచి బబ్లూను రెండు గుద్దాడు. ఉప్పలయ్య నవ్వుతూనే మధ్యకు వచ్చి, బీరయ్యకు ఎదురుగా నిలబడి, చేతులు చాచి "బ్రేక్!" అన్నాడు. ఆగుతాడన్న ధీమాతో ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

బీరయ్య ఆ మాట విన్నాడు. ఆగే వ్యవధీ ఉంది. ఆగితే మళ్ళీ నవ్వుతారనిపించింది, అంతే. మందు మీదికి నెట్టడానికీ లేదు. మొదటి బీరే సగం మిగిలి ఉంది.

కుడిచేతి దెబ్బకు ఉప్పలయ్య ఎడమ కర్ణభేరి చిరిగింది. వైద్యపరీక్షలో ఉప్పలయ్యను పనికిరాడన్నారు. తర్వాత ఆపరేషన్ చేయించినా ఆ చెవి వినికిడి తిరిగి రాలేదు. అతను కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పుకుంటున్నాడు. బీరయ్య గ్లోవ్స్ ఎవరికో ఇచ్చేసి ఆటో నడుపుకుంటున్నాడు.

2014లో ఒక పొద్దున చిక్కడపల్లి చాయ్ హోటల్ ముందు ఇద్దరూ కలిశారు. మూడేళ్ళుగా లోపలే దాచుకున్న మాటను బీరయ్య బయటపెట్టేశాడు. "అన్నా, ఆ దినం నాకు వినబడ్డది."

తొందరలో అతను నిలబడింది ఉప్పలయ్యకు ఎడమ పక్కన. ఎదురుగా బస్సుల హారన్లు.

"ఏందిరా? ఇటు దిక్కు వచ్చి చెప్పు."

బీరయ్య కుడి పక్కకు వెళ్ళాడు. ఆ నాలుగడుగుల్లో ధైర్యం జారిపోయింది.

"గదే... మిగిలిన పైసలు వచ్చే నెల ఇస్తనన్నా."

"నిమ్మళంగ ఇయ్యి. పరేషాన్ గాకు."

చెవి ఆపరేషన్‌కు ఉప్పలయ్య తండ్రి మక్కజొన్నలు అమ్మి కట్టింది ఇరవై రెండు వేలు. అందులో బీరయ్య తీర్చాల్సింది ఇంకా తొమ్మిది వేలు.