మా తమ్ముడి రేసు కారులో పొగ

మొదట తాగుడే అనుకున్నాను. ఇంకేటనుకుంటారు? ఆదివారం పొద్దున్న ఈల వేసుకుంటూ వెళ్ళిన మనిషి సాయంత్రానికి కళ్ళెర్రగా చేసుకుని, గుమ్మం పట్టుకుని లోపలికొస్తే, ఎదురెళ్ళి హారతివ్వాలేటి? మా తమ్ముడు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అమ్మా వాడూ ట్రాఫిక్ అనే పేటలో రైల్వే క్వార్టర్లో ఉంటారు. నేనుండేది అదే ఊళ్ళో మలంచా పేటలో, ఖరిదా బజార్లో జాకెట్లు కుట్టే షాపుంది నాకు. ఆదివారం షాపు మూసీసి అమ్మ దగ్గరకెళ్తాను. ఆ రోజూ అలాగే వెళ్ళి కూకున్నాను, వీడీ అవతారంలో దిగినాడు.

"ఇలా రా. నోరు తెరు" అన్నాను.

"అప్పా, నాకు ముప్పై నాలుగేళ్ళు" అన్నాడు. అక్కని అప్పా అనడమే మా ఇంట్లో అలవాటు.

"అయితే ఇంకా పెద్దగా తెరు."

వాసన లేదు. చొక్కా చూసినాను, జేబులు చూసినాను, ఏమీ లేదు. వాసన లేదంటే అనుమానం పోవాలి కదా, నాకు ఇంకా పెరిగినాది. వాసన రానివి కూడా దొరుకుతాయని షాపుకొచ్చే ఆడోళ్ళు చెప్పుకుంటారు. వాడేమో తలనొప్పి, వికారం అని దుప్పటి ముసుగెట్టీసినాడు. రాత్రి అన్నం వేళకి మామూలు మనిషైపోయి రెండోసారి పప్పు వడ్డించుకున్నాడు. అదొకటి మళ్ళీ అనుమానం.

వాడికి కారు పిచ్చి. పాత చిన్న కారొకటి కొని, ఎర్ర రంగు వేసుకుని, బరువు తగ్గితే పరుగు పెరుగుతాదని వెనక సీటు పీకీసి, కింద పరుపు పీకీసి, దాన్ని రేకు డబ్బా చేసి పెట్టినాడు. ఊరికి దూరంగా వాడకం లేని పాత రన్‌వే ఉంటే, ఇలాంటి పిచ్చోళ్ళంతా ఆదివారాలు అక్కడ చేరి టైము పెట్టుకుని చుట్లు తిరుగుతారు. తొందరగా తిరిగినోడికి కప్పు. "ఆ కప్పు అన్నం పెడతాదేటిరా?" అంటే, "టీ తాగొచ్చప్పా" అంటాడు. ఇంతకాలం రెండేసి మూడేసి చుట్లే. వచ్చే నెల మాత్రం ఆపకుండా అరగంట తిరిగే పందెం పెట్టినారట. దానికి తన పేరు కూడా ఇచ్చీసినాడు.

తరవాతి ఆదివారం నేనూ తయారైనాను. "నువ్వెందుకప్పా, అక్కడంతా ఎండ, దుమ్ము" అన్నాడు. వద్దంటున్నాడంటే వెళ్ళి తీరాల్సిందే కదా. పూరీలు కట్టుకుని, మా పక్కింటి ఆటోలో వాడి వెనకాలే వెళ్ళినాను. అక్కడ షెడ్డు కింద కుర్చీ వేసుకుని పోలీసులా వాడి చేతుల్నే చూస్తూ కూకున్నాను. వాడు తిన్నవి నా పూరీలు, తాగింది నా సీసాలో నీళ్ళు. ఎవరో టీ ఇస్తే అది కూడా ముందు నేనే రెండు గుక్కలు తాగి చూసినాను. వాడి స్నేహితుల ముందు వాడి పరువు పోయిందట. పోతే పోనీ.

రెండోసారి తిరిగొచ్చినాక కారు ఆపి దిగినాడు. దిగి, కారుకి జారబడి నేల మీద కూలబడిపోనాడు. హెల్మెట్ పట్టీ విప్పుకోబోతే వేళ్ళు వాడి మాట వినలేదు. నేనే వెళ్ళి విప్పినాను. పెదాలు పాలిపోయి ఉన్నాయి. ఓలమ్మో! ఇది తాగుడు కాదు, ఇంకేదో.

"ఎండ దెబ్బప్పా" అన్నాడు.

"నేనూ ఈ ఎండలోనే ఉన్నాను కదరా! నీ నెత్తికే ఎండ, నాకు వెన్నెలేటి?"

ఆ రోజు నించీ నా అనుమానం మనిషిని వదిలీసి కారు మీద పడింది. మర్నాడే మలంచా రోడ్డు మీద, అందరూ దాదా అని పిలిచే మెకానిక్‌కి చూపించమన్నాను. ఆయన కింద దూరి సైలెన్సర్ గొట్టం మొదట్నించి చివరిదాకా చూసినాడు, జాయింట్లు తట్టినాడు. ఏసీ వేసుకుని, అద్దాలు ఎత్తుకుని బజారుదాకా తోలుకెళ్ళి తెచ్చినాడు. "కుచ్ నహీ హై దీదీ. గాడీ ఏక్‌దమ్ ఠీక్ హై" అన్నాడు. వచ్చిన ప్రతి బండిలోనూ ఏదో ఒకటి పోయిందని చెప్పే మనిషి, మా బండిలో ఏమీ లేదంటే నేను నమ్మాలా? నేనూ వాడి పక్కన కూకుని ఖరిదా దాకా వెళ్ళొచ్చినాను. నాకూ ఏమీ అవ్వలేదు. ఇదేం మాయ కారో అర్థం కాలేదు.

మా అమ్మకి మాత్రం అంతా అర్థమైపోనాది. "దిష్టే ఇది. ఎర్ర కారేసుకుని ఊరంతా తిరిగితే కళ్ళు పడవేటి? సూడు, నేను సేస్తాను" అని శనివారం సాయంత్రం ఇంట్లో సాంబ్రాణి వేసినాక ఆ కుంపటి తెచ్చి కారులో ముందు పక్క పెట్టింది. తలుపులు మూయించింది, అద్దాలు ఎత్తించింది. "ఫేను కూడా ఎయ్యరా, అన్ని మూలలకీ పోవాలి పొగ" అంది. వాడు నవ్వుకుంటూ తాళం తిప్పి, ఇంజను ఆన్ చెయ్యకుండా ఫేను మాత్రం పెట్టి దిగినాడు. కారంతా తెల్లగా నిండిపోనాది.

నేను చుట్టూ తిరుగుతున్నాను. వెనక్కెళ్ళి చూద్దును కదా, ఎడం పక్క వెనక లైటు కింద నించి పొగ సన్నగా బైటికొస్తోంది. కుడి పక్కా అంతే. నంబరు ప్లేటు దగ్గర వైరు దూరే కన్నంలోంచి ఇంకాస్త.

"ఒరే, ఇలా రా. ఇదేటిది?"

వాడు చూసినాడు, బుర్ర గోక్కున్నాడు. "రంగు వేసినప్పుడు లైట్లు ఊడదీసినానప్పా. వాటి వెనక రబ్బర్లు ఎండిపోయి ముక్కలైపోనాయి. పారేసి, ఉత్త లైట్లే బిగించీసినాను."

"కుట్టు విడిచిన జాకెట్టు ఇస్తే నన్ను బజార్లో నిలబెట్టి తిడతారురా!"

"బైటికి పోతే ఏమప్పా, పోతాది. లోపలికి రావాలి కదా. వస్తే మెకానిక్ దాదాకి తెలీదేటి? నీకు తెలీదేటి?"

అదీ నిజమే. అక్కడే నా బుర్ర తిరిగినాది. "సరే, ఇది చెప్పు. ఇక్కడ చెయ్యనిదీ, అక్కడ చేసేదీ ఏటి?" అన్నాను. వాడు వేళ్ళు మడిచినాడు. హెల్మెట్టు. బెల్టు. జోరు. ఆఖర్న, "అక్కడ అద్దాలు దించే ఉంచాలప్పా, రూలు. బోల్తా పడితే మనిషిని లాగడానికి. ఊళ్ళో అయితే దుమ్మని ఎప్పుడూ దించను" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే షాపు నించి తెల్ల దారం రీలు పట్టుకెళ్ళినాను. జానెడేసి ముక్కలు కత్తిరించి, లోపలి పక్క ఆ సందుల దగ్గర టేపుతో అంటించినాను. వెనక సీటు లేదు కాబట్టి డిక్కీ దాకా అంతా ఒకటే గది, ముందు సీట్లోంచి వెనక్కి తిరిగితే దారాలన్నీ కనిపిస్తాయి. ఇద్దరం హైవే మీదకెళ్ళినాం. అద్దాలు ఎత్తి ఉన్నంతసేపూ దారాలు బుద్ధిగా వేలాడినాయి.

"ఇప్పుడు దించు. జోరు పెంచు" అన్నాను.

దించినాడు. గాలి చెవుల్లో హోరెత్తినాది. నేను వెనక్కి తిరిగి చూసినాను. దారాలన్నీ ఒక్కసారి లేచి, మా ఇద్దరి వైపూ తిన్నగా సాగి నిలబడినాయి. బైటి నించి ఎవరో ఊదుతున్నట్టే ఉన్నాది.

"ఆపరా! ముందు ఆపు!"

రోడ్డు పక్కకి తీసి ఆపినాడు. ఇద్దరం దిగినాం. వాడికి హుషారొచ్చీసినాది. "ముందు కిటికీల్లోంచి లోపలి గాలి బైటికి లాగీస్తోందప్పా. ఆ ఖాళీకి వెనకనించి గాలి రావాలి. వెనకేముంటాది, సైలెన్సర్ పొగే. ఉక్కగా ఉందని అద్దాలు ఇంకా దించుకునీవోణ్ణి. కొత్త రబ్బర్లు తెస్తాను, కన్నాలు మూసేస్తాను, డిక్కీకి అడ్డంగా రేకు బిగిస్తాను..." అని చేతులు తిప్పుతూ చెప్పుకుపోతున్నాడు. ఉన్నట్టుండి ఆపీసినాడు. చేతులు కిందకి వాలిపోనాయి.

"అప్పా, నువ్వొచ్చిన రోజు..."

"ఏటి?"

"రెండోసారి తిరిగినప్పుడు ఆఖరి చుట్టు నాకు గుర్తు లేదు. మలుపులు ఎలా తిప్పినానో తెల్దు. జెండా ఎప్పుడు చూపించినారో తెల్దు. కారు ఆగి ఉన్నాది, నేను అందులో ఉన్నాను, అంతే తెలుసు."

"ఎందుకు చెప్పలేదురా నాకు?"

"చెబితే నువ్వు అరగంట పందేనికి వెళ్ళనివ్వవు కదా."

చెయ్యెత్తినాను కానీ కొట్టలేకపోనాను. వాడి మొహం రెండు చేతుల్లో పట్టుకుని నడి రోడ్డు పక్కన గొల్లుమని ఏడిచినాను. లారీలోళ్ళు తలలు బైటికి పెట్టి మరీ చూసుకుంటూ పోనారు. వాడు "ఊరుకో అప్పా, ఏమీ కాలేదు కదా" అంటూనే ఉన్నాడు. వాడికెలా చెప్పను? ఆ ఆఖరి చుట్టు నేను షెడ్డు కింద నిలబడి చూసినాను. ఎర్ర కారు అందర్నీ దాటుకుని వస్తుంటే, మా తమ్ముడే, మా తమ్ముడే అని పక్కనున్నోళ్ళకి చూపించి చప్పట్లు కొట్టినాను.