గంజి ఆరేలోపు నాగపూరు

నా చిన్నప్పుడు మా వాడ మీదుగా పొద్దుటిపూట ఒక విమానం పోయేది. హైదరాబాదులో లేచి నాగపూరులో దిగుతుందని మా తాతయ్య చెప్పేవాడు. కరీంనగర్ జిల్లాలో నేతపనితో బతికే ఊరు మాది. ఆ వేళకు వాడంతా వీధిలో పడుగులు చాచి, దారాలకు గంజి పట్టిస్తూ ఉండేవాళ్లు. ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ కుంచెలు ఆడించేవాళ్లు.

ఒక ఏడు మా బావకు నాగపూరు బట్టల మిల్లులో పని దొరికింది. నన్ను ఎత్తుకొని పెంచిన అక్క ఆయన వెంట వెళ్లిపోయింది. బతుకమ్మకు వస్తానని చెప్పి బస్సెక్కింది గానీ నేను నమ్మలేదు. కరీంనగర్‌కు ఒక బస్సు, పెద్దపల్లికి ఇంకో బస్సు, ఆపైన గోదావరి దాటి, బల్లార్షా దాటి పోయే రైలు. అంత దూరం పోయిన మనిషి తిరిగి వస్తుందా? పడుగు చివర అక్క నిలబడే చోట నన్ను నిలబడమంటే మొండికేశాను. అన్నం ముందు కూర్చొని గోడవైపు తిరిగాను.

మర్నాడు విమానం చప్పుడు వినగానే వీధిలోకి ఉరికి రెండు చేతులూ ఊపాను.

"ఎవలికి ఊపుతున్నవే? దాన్ని నడిపేటోడు మీ బావనా?" అంది నానమ్మ. వాడంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

తాతయ్య నవ్వలేదు. తెగిన పోగు ఒకటి తీసి నేలమీద వంకరటింకరగా పరిచాడు. "గిది మనూరు, గిది కరీంనగర్, గిది పెద్దపల్లి, గిది బల్లార్షా. గీడ మీ అక్క" అంటూ ఒక్కో చింతగింజ పెట్టాడు. తర్వాత మా ఊరి కొస నా చేత పట్టించి, నడుమ గింజలు తీసేసి, పోగును అక్క గింజ దాకా తిన్నగా బిగించాడు. బోలెడంత పోగు ఆయన చేతిలో మిగిలింది.

"విమానం గిట్ల పోతది బిడ్డా. గీ మిగిలిందంతా తొవ్వ వంకరలే. మీ అక్క దూరం పోలే, సుట్టు తిరిగి పోయింది, గంతే."

"మరి విమానం ఎంతసేపట్ల పోతది?"

తాతయ్య తడి పడుగు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. "గీ గంజి ఆరేలోపు దిగుతది."

ఆ రోజు పడుగు చివర నేనే నిలబడ్డాను. మాటిమాటికీ దారాలు ముట్టి చూశాను. అవి బిరుసుగా ఆరాక, విమానం దిగిందని నానమ్మకు చెప్పాను.

"అయితే వచ్చి తిను. గాడ మీ అక్క గూడ తింటుంటది" అంది. తిన్నాను.

అక్క బతుకమ్మకు వచ్చింది. పోగు సంగతి చెబితే పడిపడి నవ్వింది. అప్పటినుంచి మా ఇద్దరికీ నాగపూరు గంజి ఆరేంత దూరమే. తర్వాత మా ఇంట్లో ఎవరు ఊరు విడిచినా, దిగులు పడే ముందు ఆ పోగును మనసులో ఒకసారి బిగించి చూసుకుంటూ వచ్చాను.

ముసలితనంలో నాకు అక్షరాలు నేర్పిన మనవరాలే మొన్నామధ్య నన్ను విమానం ఎక్కించింది. బోర్డు మీద నాగపూరు పేరు కూడబలుక్కొని నేనే చదివాను. కిటికీలోంచి చూస్తే మా వాడ ఏదో తెలియలేదు. అయినా చెయ్యి ఊపాను.

నాగపూరులో తన ఇంటి గుమ్మంలో కర్ర ఊతంగా నిలబడ్డ అక్క, "అప్పుడే ఎట్లొచ్చినవే?" అంది.

"గంజి ఇంక తడితడిగనే ఉందక్కా" అన్నాను.